ఆరేళ్ల వేరు

ఇది పెద్ద వరద వచ్చిన ఆరో ఏడు జరిగింది. ఇమ్జిన్ నది గట్టు దాటి మున్సన్ బజారులోకి వచ్చి, కొట్ల కప్పుల దాకా నిలబడిన వరద అది. ఆ తర్వాత మరో రెండు వచ్చాయి గాని, మున్సన్‌లో వరద అంటే అదొక్కటే. పిల్లల వయసులూ పెళ్లిరోజులూ దాని ముందు, దాని వెనక అని లెక్క.

ప్యో గాప్‌సుల్‌ది రైల్వే స్టేషన్ వెనక సైకిళ్ల రిపేరు కొట్టు. అరవై ఎనిమిదేళ్లవాడు. భార్య పోయి నాలుగేళ్లు. మాట తక్కువ మనిషి. టైరుకు పంచరు వేయడానికి వచ్చినవాళ్లు వాళ్లే మాట్లాడుకుని వాళ్లే నవ్వుకుని వెళ్లేవారు.

చూసక్ పండగ నెల వస్తే మాత్రం అతనికి కొట్లో కూర్చోవడం కూడా కష్టమయ్యేది. ఆ పున్నమికి ముందు ప్రతి ఇంటివాళ్లూ కొండ ఎక్కి, మట్టి దిబ్బల్లా ఉండే పెద్దల సమాధుల మీద గడ్డి కోస్తారు. కోసిన దిబ్బలు అప్పుడే క్షౌరం చేయించుకున్న తలల్లా నున్నగా కనిపిస్తాయి. కోయని దిబ్బ ఉందంటే ఆ లోపలున్నవాడికి వెనక ఎవరూ లేరని అర్థం. ఆ రోజుల్లో దారిలో ఎదురైన ప్రతివాడూ "గడ్డి కోశారా?" అనే అడుగుతాడు. ఆరేళ్లుగా ఆ మాటకి గాప్‌సుల్ చక్రం తిప్పుతూ తల వంచుకునేవాడు.

అతని తండ్రి సమాధి నదికి అవతల, సైన్యం వేసిన సరిహద్దు కంచె లోపల, సెమ్‌గోల్ అనే చోట ఉంది. ఉత్తరానికీ దక్షిణానికీ జరిగిన యుద్ధం రెండో ఏడు తండ్రి గుండు దెబ్బకి పోయాడు. గాప్‌సుల్‌కి పదిహేడేళ్లు. తల్లి అప్పటికే లేదు. శవాన్ని గడ్డి చాపలో చుట్టి, ఈడ్చుకుంటూ కొండవాలు ఎక్కించి, తాబేలులా ముడుచుకున్న ఒక బండ పక్కన ఒక్కడే గొయ్యి తీశాడు. మర్నాడు సైన్యం ఊరు ఖాళీ చేయించింది. తర్వాత ఆ ఊరు ఊరుగా లేదు. సరిహద్దు దగ్గరి నేల అంతా సైన్యం చేతుల్లోకి పోయింది.

చాలా ఏళ్ల తర్వాత ప్రభుత్వం కంచె లోపల ఒక ఊరు కట్టి కొందరు రైతుల్ని ఉండనిచ్చింది. అందులో గాప్‌సుల్ చిన్నాన్న కొడుకు జోంగ్‌తే ఒకడు. బయటివాడు లోపలికి రావాలంటే లోపలివాడు పేరు రాసి పూచీ పడాలి. వసంతంలో ఒకసారి, చూసక్‌కి ముందు ఒకసారి జోంగ్‌తే వంతెన దగ్గర ట్రక్కుతో కాచుకుని ఉండేవాడు. ఇద్దరూ సెమ్‌గోల్ వెళ్లి గడ్డి కోసి, సాగిలపడి మొక్కి, దిబ్బ పక్కనే కూర్చుని తెచ్చుకున్న అన్నం తినేవారు.

వరద వెళ్లిన వారానికి జోంగ్‌తే ఫోన్ చేశాడు.

"అన్నయ్యా, కొండమీది మందుపాతరలన్నీ బురదతోపాటు కిందికి జారాయి. సెమ్‌గోల్ వాలు మొత్తం ఎర్ర త్రికోణాల హెచ్చరికలే. నన్నే రానివ్వడం లేదు, నిన్నెక్కడ రానిస్తారు?"

అది నమ్మకపోవడానికి కారణం లేదు. ఆ ఏడు మందుపాతరలు నిజంగానే కొట్టుకొచ్చాయి. నది ఒడ్డున చేపలు పట్టేవాడొకడికి పాదం పోయింది. మరుసటి ఏడూ అదే ఫోను. ఆ మరుసటి ఏడూ అదే. "దూరం నుంచి నీ పేరు చెప్పి మొక్కాను అన్నయ్యా. గడ్డి మనిషెత్తు పెరిగింది. చూస్తే నాకే ఏడుపొచ్చింది." గాప్‌సుల్ "సరే" అని ఫోను పెట్టేసేవాడు. మరుసటి రోజు ఎండు చేపా సోజు సారా సీసా కట్టి, తన బదులు పెట్టమని లోపలికి వెళ్లే ఎరువుల ట్రక్కులో పంపేవాడు.

ఆరో ఏడు, చూసక్‌కి ముందు, సరిహద్దు చూపించే బస్సుల డ్రైవరు ఒకడు కూతురి సైకిలు బాగుచేయించడానికి వచ్చాడు. మాటల్లో, పాత రోడ్డు తవ్వేశారనీ ఇప్పుడు బస్సు సెమ్‌గోల్ మీదుగా పోతోందనీ అన్నాడు.

గాప్‌సుల్ పానా కింద పెట్టాడు. "వాలు కనిపిస్తుందా?"

"కనిపించడమేంటి, వాలు కిందనుంచే పోతాం."

మర్నాడే టికెట్ కొనుక్కున్నాడు. జోంగ్‌తేకి చెప్పలేదు. చెప్పకూడదని కాదు, ఫోను చేయడం అతనికి అలవాటు లేదు. దిబ్బ నెత్తి కనిపించినా చాలు, గడ్డి ఎంత పెరిగిందో కళ్లతో చూసినా చాలు అనుకున్నాడు. గైడు మంచిదైతే రెండు నిమిషాలు బస్సు ఆపమని అడగాలి. కిటికీలోంచైనా మొక్కాలి.

బస్సులో నలభై ఒక్కమంది. గైడు మిరాన్ అనే అమ్మాయి, పాతికేళ్లుంటాయి, పసుపు చొక్కా, చేతిలో మైకు.

"నలభై ఒకటి! గుర్తుపెట్టుకోండి పెద్దలారా. లోపలికి నలభై ఒకరు వెళ్తే బయటికి నలభై ఒకరే రావాలి. ఒకరు తగ్గినా సైన్యం బస్సుని వదలదు. ఒకరు పెరిగినా వదలదు."

"పెరిగితే ఎవరికైనా మొగుడు దొరికాడనుకోవాలి!" అని గాప్‌సుల్ పక్కసీటావిడ అరిచింది. తేగు పట్నం నుంచి వచ్చిన ఎండుమిర్చి వ్యాపారి, నిండుగా ఉన్న మనిషి. బస్సంతా నవ్వింది. ఆవిడ ఉడికించిన కోడిగుడ్డు ఒలిచి గాప్‌సుల్ చేతిలో పెట్టింది. "తినండి పెద్దాయనా. ఒక్కరే వచ్చారా? ఇంట్లోవాళ్లు లేరా? నోరు లేదా? గుడ్డు తినడానికైతే ఉంది గదా."

గాప్‌సుల్ గుడ్డు తిన్నాడు.

వంతెన దగ్గర తుపాకీ పట్టుకున్న కుర్ర సైనికుడు బస్సెక్కి ఒక్కొక్కరి కార్డూ మొహమూ చూసుకుంటూ వచ్చాడు. గాప్‌సుల్ ఒళ్లోని సంచి దగ్గర ఆగాడు. సంచిలోంచి ఒక తోక బయటికి పొడుచుకొచ్చి ఉంది.

"తాతా, ఇదేంటి?"

"ఎండు చేప."

"లోపల వంటలు చేసుకోకూడదు."

"వండటానికి కాదు. మా నాన్నకి."

మిర్చి ఆవిడ అందుకుంది. "పోనీ బాబూ! ఆ చేప ఎవరిని కాలుస్తుంది? నీ తుపాకీ కంటే సన్నంగా ఉంది." సైనికుడు నవ్వు ఆపుకుంటూ ముందుకి పోయాడు. మిరాన్ మాత్రం గాప్‌సుల్ వైపు ఒకసారి చూసింది.

మొదట కొండమీది బురుజుకి తీసుకెళ్లారు. అక్కడ నాణెం వేస్తే తెరుచుకునే దుర్భిణులు వరసగా ఉన్నాయి. సరిహద్దు అవతలి దేశాన్ని చూడటానికి నలభైమందీ ఉత్తరం వైపు ఎగబడ్డారు. అదిగో వాళ్ల జెండా, అదిగో వాళ్ల ఎద్దు, అదిగో సైకిలు మీద ఒకడు పోతున్నాడు అని అరుపులు. గాప్‌సుల్ వాళ్లకి వీపు పెట్టి దక్షిణం వైపు గోడ దగ్గర నిలబడ్డాడు.

"తాతా, ఉత్తరం అటు!" అన్నాడు అక్కడి సైనికుడు.

"నాకు కావాల్సింది ఇటు."

ఇటు పొగమంచు పట్టి ఉంది. కొండ వీపులు మాత్రం తెలుస్తున్నాయి. వాటి నడుమ నల్లగా ఏదో పరిచినట్టు ఉంది. కొండల నీడ అనుకున్నాడు.

బస్సు దిగువకి మలుపులు తిరుగుతూ వచ్చింది. మూడో మలుపులో అతను చోటు గుర్తుపట్టాడు. ఇక్కడే వాగు, ఇక్కడే పాత పాఠశాల పునాది. కిటికీకి మొహం ఆనించాడు. ఎర్ర త్రికోణాల కోసం వెతికాడు. రోడ్డుకి ఎడమ పక్కన ఉన్నాయి. కుడి పక్కన, సెమ్‌గోల్ వాలు మీద, ఒక్కటీ లేదు. వాలు మొదటినుంచి చివరిదాకా కర్రలు పాతి, నల్లగుడ్డ పందిళ్లు వేసి, వరసలు వరసలుగా దిద్దినట్టున్న తోట ఉంది.

"కుడివైపు చూడండి పెద్దలారా!" మిరాన్ మైకులో మొదలుపెట్టింది. రోజుకి రెండుసార్లు చెప్పే మాటలు గనక తడుముకోకుండా వస్తున్నాయి. "ఇది ఈ ప్రాంతం గర్వించే జిన్సెంగ్ తోట. వరద వచ్చిన మరుసటి వసంతంలో నాటారు. ఈ శరత్కాలానికి ఆరేళ్ల వేరు అవుతుంది. ఆరేళ్ల వేరంటే తెలుసుగా, వేళ్లలోకెల్లా రారాజు! వచ్చే నెల తవ్వుతారు. మన అదృష్టం, ఇవాళ రైతుగారు మనకోసం ముందుగా కొన్ని తవ్వి ఉంచారు. ఆఖరి మజిలీలో కొనుక్కోవచ్చు."

గాప్‌సుల్ చేతివేళ్లు ముడిచి లెక్కపెట్టాడు. వరద. మరుసటి వసంతం. ఒకటి, రెండు, మూడు. చేతివేళ్లు అయిపోయి రెండో చేతి బొటనవేలు ముడవాల్సి వచ్చింది. ఆరు. బలానికి తినే ఆ జిన్సెంగ్ వేరు విషయంలో లెక్క తప్పదు. మనిషి అబద్ధం చెప్పొచ్చు గాని ఆ వేరు ఆరేళ్లు నేలలో ఉంటేనే ఆరేళ్లది అవుతుంది.

పందిళ్ల నడుమ, నల్లగుడ్డ అంచు కింద, తాబేలు బండ కనిపించింది. దానిమీద ఎరువు బస్తాలు పేర్చి ఉన్నాయి. దాని పక్కన దిబ్బ లేదు. నున్నటి చాలు ఉంది.

"అమ్మాయ్," అన్నాడు.

మిరాన్ మైకు దించింది.

"ఇక్కడ మందుపాతరలు లేవా?"

"ఇక్కడా? లేవు తాతగారూ. రోడ్డు పక్కనుందని వరద తర్వాత సైన్యం మొట్టమొదట చూసింది ఈ వాలునే. ఒక్కటీ దొరకలేదట. భయపడకండి."

బస్సు వాలు దాటిపోయింది. ఆపమని అడగాలనుకున్న సంగతి అతనికి గుర్తు రాలేదు.

"పెద్దాయనా, మొహం అలా అయిందేంటి? గుడ్డు పడలేదా?" అంది మిర్చి ఆవిడ. అతను సంచి నోరు బిగించి పట్టుకుని కూర్చున్నాడు.

ఆఖరి మజిలీ కంచె లోపలి ఊరి అమ్మకాల కొట్టు. లోపల సోయా గింజలు, తేనె, కంచె ముళ్లతీగ ముక్కలు గాజుసీసాల్లో. మధ్యలో బల్లమీద నాచు పరిచి, దానిమీద చేతులూ కాళ్లూ ఉన్న మనుషుల్లాంటి వేర్లు. బల్ల వెనక జోంగ్‌తే. యాభై ఎనిమిదేళ్లకి జుట్టు నల్లగా రంగేసుకుని ఉన్నాడు. చుట్టూ మూగిన ఆడవాళ్లకి ఒక వేరు ఎత్తి చూపిస్తున్నాడు.

"చూడండమ్మా, నడుము చూడండి, తొడలు చూడండి! మా ఆవిడకి కూడా ఇంత అందం లేదు."

"మీ ఆవిడ వింటే ఈ వేరుతోనే కొడుతుంది," అంది మిర్చి ఆవిడ.

"కొడితే కొట్టనీండి, బలమొస్తుంది! ఈ బలం ఎక్కడిది అంటారా? నేలది. యాభై ఏళ్లుగా మనిషి పాదం పడని నేల!"

"నా పాదం పడింది."

గొంతు పెద్దది కాదు. అయినా జోంగ్‌తే చేయి గాలిలోనే ఆగిపోయింది. ఆడవాళ్ల భుజాల వెనక గాప్‌సుల్ నిలబడి ఉన్నాడు.

"ఏటా రెండుసార్లు పడింది," అన్నాడు గాప్‌సుల్. "నీదీ పడింది."

"అన్నయ్యా... నువ్వు... చెప్పకుండా వచ్చావేంటి?"

"టికెట్ కొనుక్కుని వచ్చాను."

జోంగ్‌తే బల్ల దాటి వచ్చి అతని చేయి పట్టుకుని కొట్టు వెనక్కి తీసుకెళ్లబోయాడు. గాప్‌సుల్ కదల్లేదు.

"నాన్న ఏడీ?"

"లోపలికి రా అన్నయ్యా, కూర్చుని మాట్లాడుకుందాం. అందరూ చూస్తున్నారు."

"నాన్న ఏడీ అంటున్నాను."

జోంగ్‌తే గొంతు తగ్గించాడు. "వరదలో నా పొలాలన్నీ పోయాయి. నీకు తెలుసు. ఇసక మేట వేసింది, ఇద్దరు మనుషుల లోతు. ఇల్లు పోయింది. మిగిలింది ఆ వాలొక్కటే. జిన్సెంగ్‌కి కొత్త నేల కావాలి, ఈశాన్యం వాలు కావాలి. నేనేం చేయాలి? పిల్లల్ని పట్టుకుని నదిలో దూకనా?"

"నన్ను అడగాల్సింది."

"అడిగితే వద్దనేవాడివి."

"వద్దనేవాణ్ని."

"మరి? అందుకే అడగలేదు."

ఆ మాట జోంగ్‌తే ఎంత మామూలుగా అన్నాడంటే, అతనికి అది నిజంగా సమాధానంలాగే ఉంది. మిర్చి ఆవిడ చేతిలోని వేరు మెల్లగా బల్లమీద పెట్టేసింది.

"తవ్వి చూశాను అన్నయ్యా. ఒట్టు. ఊరికే దున్నేయలేదు. ఎముకా లేదు, చాపా లేదు. నల్లమట్టి, అంతే. నలభై ఆరేళ్లు గదా. ఆ మట్టి ఒక గంపెడు తీసి బండ దగ్గర పెట్టాను, నీకు తెచ్చిద్దామనే పెట్టాను. ఆ సాయంత్రం వాన పట్టుకుంది. పొద్దున్న చూస్తే గంప ఖాళీ. అంతా కరిగి చాళ్లలోకి పోయింది."

"ఫోను చేశావు," అన్నాడు గాప్‌సుల్. "గడ్డి మనిషెత్తు పెరిగిందన్నావు. ఏడుపొచ్చిందన్నావు."

జోంగ్‌తే పట్టుకున్న చేయి వదిలేశాడు.

"నేను పంపిన చేప?"

"పెట్టాను. బండ మీద పెట్టి మొక్కాను. అన్ని ఏళ్లూ. అది అబద్ధం కాదు."

"తర్వాత ఏం చేశావు?"

"తిన్నాం," అన్నాడు జోంగ్‌తే. ఉన్నట్టుండి అతనికి ఉక్రోషం వచ్చింది. "నువ్వు తినలేదా? ఏటా ఎండల్లో కోడి సూపులోకి చిన్న వేర్లు పంపేవాణ్ని గదా, అవి ఎక్కడివనుకున్నావు? బజారులో కొన్నాననుకున్నావా? ఆ తోట పలచన చేసినప్పుడు పీకినవే. వదిన జబ్బులో ఉన్నప్పుడు దగ్గరుండి తాగించావు, తేరుకుంటోందని మురిసిపోయావు. పెదనాన్న గురించి నీకొక్కడికే పట్టిందా? ఆయన నాకేమీ కాడా? నీ ఇంటికి పంపకుండా ఒక్క ఏడైనా ఉన్నానా?"

గాప్‌సుల్ నోరు తెరిచాడు. చేయి పెదాల మీదికి వెళ్లి అక్కడే ఉండిపోయింది.

బయటినుంచి మిరాన్ పిలుస్తోంది. "ఎక్కండి, ఎక్కండి! నాలుగింటికి వంతెన దాటాలి!" ఒక్కొక్కరే కొట్లోంచి జారుకున్నారు. గాప్‌సుల్ మాత్రం బయటికొచ్చి బస్సు వైపు కాక సెమ్‌గోల్ రోడ్డు వైపు నడవడం మొదలుపెట్టాడు. పాతిక అడుగులు వేసేసరికి మిరాన్ పరుగెత్తుకొచ్చి అడ్డం నిలబడింది.

"తాతగారూ, అటు వెళ్లకూడదు! మీరు అటు నడిచారంటే సైనికులు వస్తారు. బస్సుని ఆపేస్తారు. నా ఉద్యోగం..."

"రెండు మొక్కులు మొక్కి వస్తాను."

"అక్కడేముంది తాతగారూ?"

అతను సెమ్‌గోల్ రోడ్డు వైపు చూశాడు. అక్కడేముంది? బండ ఉంది, ఎరువు బస్తాలున్నాయి. ఆ అమ్మాయి అడిగినదాంట్లో తప్పేమీ లేదు. బస్సు కిటికీల్లోంచి నలభైమంది చూస్తున్నారు. ఎవరో "ముప్పై తొమ్మిది, నలభై, ఒకరు తక్కువ!" అని లెక్కపెడుతున్నారు. ఎవరో తిడుతున్నారు. మిరాన్ కళ్లలో నీళ్లు తిరిగాయి.

అతను వెనక్కి తిరిగి బస్సెక్కాడు.

బస్సు కదిలేటప్పుడు జోంగ్‌తే ఆయాసపడుతూ పక్కన పరుగెత్తాడు. కిటికీలోంచి చెక్కపెట్టె ఒకటి లోపలికి తోశాడు. "ఆరేళ్లవి అన్నయ్యా! మొదట తవ్వినవి. నీకోసమే పక్కన పెట్టాను. పండక్కి వస్తాం, అప్పుడు మాట్లాడుకుందాం!" పెట్టె గాప్‌సుల్ ఒళ్లో పడింది. విసిరేయడానికి ఎత్తాడు. ఎత్తిన చేతులు అలాగే ఉండిపోయాయి. మూత పక్కకి జారింది, లోపలి వేర్లకి ఇంకా తడిమట్టి అంటుకుని ఉంది. నల్లమట్టి. మెల్లగా పెట్టెని ఒళ్లోకి దించి, మూత వేసి, దానిమీద రెండు చేతులూ పెట్టుకున్నాడు.

మిర్చి ఆవిడ తన సంచి సీటు కిందికి తోసి, పెట్టె పట్టేలా అతనికి చోటిచ్చింది.

మర్నాడు పొద్దున్నే గాప్‌సుల్ ఫోను దగ్గర కూర్చుని, కాగితం మీది అంకెలు ఒక్కొక్కటే చూసి తిప్పాడు. జోంగ్‌తేకి అతను తనంతట తాను ఫోను చేయడం అదే మొదలు.

"అన్నయ్యా! నేనే చేద్దామనుకుంటున్నా—"

"పండక్కి మీరు రావద్దు. ఎందుకు రాలేదని చుట్టాలు అడిగితే కారణం నువ్వే చెప్పు. నేను చెప్పను."

ఫోను పెట్టేశాడు. ఉతికిన తెల్ల చొక్కా వేసుకున్నాడు. పెట్టె, పార తీసుకుని, భార్యని పెట్టిన కొండ ఎక్కాడు. భార్య దిబ్బకి కాస్త ఎగువన చోటు చూసి గొయ్యి తీశాడు. పదిహేడేళ్లప్పుడు తీసినంత లోతు తీయలేకపోయాడు. మోకాలి లోతు వచ్చేసరికి ఊపిరి ఆడలేదు. పెట్టెలోని వేళ్లని ఒక్కొక్కటే, మట్టి రాలకుండా, తల ఉత్తరానికి వచ్చేలా పడుకోబెట్టాడు. పెట్టె అడుగున రాలిన మట్టిని కూడా అరచేత్తో తుడిచి వాటి మీద వేశాడు.

పక్క దిబ్బ మీద గడ్డి కోస్తున్న ముసలావిడ చూసింది. "అయ్యో, ఆరేళ్ల వేళ్లలాగున్నాయే! మట్టిపాలు చేస్తున్నారేంటండీ?"

అతను మట్టి కప్పి, చుట్టూ పోగేసి, రెండు జానల దిబ్బ చేశాడు. గట్టు పక్కనుంచి గడ్డి పెళ్లలు కోసుకొచ్చి దానిమీద పరిచి, అంటుకునేదాకా అరిచేతులతో అదిమాడు. తర్వాత చొక్కా గుండీలు సరిచేసుకుని, ఎదురుగా నిలబడి, నుదురు నేలకి ఆనేలా రెండుసార్లు మొక్కాడు.